లొట్టపీసు కంచె

పోయిన నెల మా బుల్లి బాబాయి పోయాడు. పెద్దకర్మ రోజున దండ వేసి పెట్టడానికి ఫోటో కావాలని మా పెదనాన్నగారబ్బాయి వాసు రాజమండ్రికి నాకు ఫోన్ చేశాడు. "ఇల్లంతా గాలించామక్కా, ఆయన ఒక్కడే ఉన్న ఫోటో ఎక్కడా లేదు. ఆధార్ కార్డులోది పెద్దది చేయిస్తే పోలీసు స్టేషన్లో అంటించిన బొమ్మలా వచ్చింది. నీ దగ్గరేమన్నా ఉందేమో చూడు," అన్నాడు. పాత ఆల్బమ్‌లో మా మేనత్త పెళ్ళినాటి ఫోటో ఒకటి దొరికింది. పెళ్ళివారంతా మా పెరటి చెరువు గట్టు మీద బారులు తీరి నిలబడ్డారు. మధ్యలో కుర్చీలో తాతయ్య. అందరికంటే చివర, ఫోటో అంచుకి సగం భుజం తెగిపోయి, బాబాయి. వాళ్ళ వెనకాల నీళ్ళ మీదికి వంగిన నేరేడు చెట్లు. అది వాట్సప్‌లో పంపాను. స్టూడియో అతను బాబాయిని అందులోంచి కత్తిరించి తీసి, తెగిన భుజానికి ఎవరిదో భుజం తెచ్చి అతికించి, వెనకాల నీలం రంగు పూసి ఇచ్చాడట. పెద్దకర్మకి వెళ్ళి ఆ ఫోటో ముందు కూర్చుంటే, ఆ భుజం ఎవరిదో అన్న ఆలోచన తప్ప నాకు ఏడుపు రాలేదు. ఇంటికొచ్చి అసలు ఫోటో మళ్ళీ తీసి చూసినప్పుడు వచ్చింది. బాబాయిని చూసి కాదు, వెనకాల ఉన్న చెట్లని చూసి. ఆ చెట్లు కొట్టెయ్యకపోయి ఉంటే ఆయన బతుకు ఇంకోలా ఉండేదేమో.

నాన్నది కాలవల ఆఫీసులో ఉద్యోగం. ఎప్పుడు ఏ ఊరు వేస్తారో తెలియదని నా హైస్కూలు చదువంతా తాతయ్యగారింట్లోనే జరిపించారు. తొంభైల మొదట్లో మాట. రామచంద్రపురానికి సైకిలు మీద వెళ్ళొచ్చే దూరంలో ఊరు. పొద్దున్నే ఆ ఇంటికి రెండు వాసనలు వచ్చేవి. వీధరుగు మీంచి చుట్ట వాసన, పెరటి వైపు నుంచి తడిపిన తవుడూ వేరుశెనగ చెక్కా వాసన. మొదటిది వచ్చిందంటే తాతయ్య లేచినట్టు. రెండోది వచ్చిందంటే బాబాయి అప్పటికే లేచి, చేపలకి మేత కలిపి, గట్టు మీద తిరుగుతున్నట్టు. మామ్మ ఈ రెండింటికీ మధ్య వంటింట్లో పొయ్యి ఊదుతూ ఉండేది. తాతయ్యకి కాఫీ పొగలు కక్కుతూ ఉండాలి, కానీ గ్లాసు చేతికి కాలకూడదు. అందుకని ఆవిడ గ్లాసుని తడిగుడ్డతో చుట్టి పట్టుకెళ్ళేది. ఆవిడ వేళ్ళు ఎప్పుడూ ఎర్రగా ఉండేవి. ఆ సంగతి ఆ ఇంట్లో ఎవరూ మాట్లాడుకోగా నేను వినలేదు.

తాతయ్య ఎవరి మీదా చెయ్యి చేసుకునే మనిషి కాదు. గొంతు కూడా ఎత్తేవాడు కాదు. ఊళ్ళో సరిహద్దు తగువొచ్చినా, అన్నదమ్ములు విడిపోవాలన్నా ఆ అరుగు దగ్గరికే వచ్చి, "ఆయ్, మీరెలా చెబితే అలాగేనండి," అని తల వంచుకుని వెళ్ళేవారు. తెల్లటి పంచె, తెల్లటి చొక్కా, ఎక్కడా మరక ఉండేది కాదు. ఆయన కాఠిన్యమంతా మధ్యాహ్నం అన్నాల దగ్గర బయటపడేది. బాబాయికి నత్తి. చిన్నప్పటి నుంచీ ఉందట. అందరూ వరసగా పీటల మీద కూర్చుని, మామ్మా పెద్దమ్మా వడ్డించి, అన్నంలో పప్పు కలుపుకున్నాక తాతయ్య అడిగేవాడు, "ఏరా బుల్లబ్బాయ్, చెరువు సంగతులేంటి?" బాబాయి చెప్పడం మొదలెట్టేవాడు. ఆయన జవాబు పూర్తయ్యేదాకా ఎవరూ ముద్ద నోట్లో పెట్టకూడదు. అది ఆ ఇంటి నియమం. "తండ్రికి కొడుకు జవాబు చెబుతుంటే మధ్యలో నవలడం ఏం మర్యాద?" అనేవాడు తాతయ్య. కలిపిన అన్నం వేళ్ళ మీద ఎండి చెక్క కట్టేది. నెయ్యి పేరుకునేది. బాబాయి మెడ నరాలు ఉబ్బి, కళ్ళు మూసుకుని, ఒక్కో మాటనీ నూతిలోంచి చేదినట్టు లాగుతుంటే, మేమంతా ఆయన నోటికేసి చూస్తూ కూర్చునేవాళ్ళం. ఆకలి మీదున్నవాళ్ళకి ఎదుటివాడి నత్తి మీద జాలి ఎంతసేపని నిలుస్తుంది? పెదనాన్న విసుగ్గా ఊపిరి వదిలేవాడు. పెద్దమ్మ గరిటె గిన్నెకేసి కొట్టేది. తాతయ్య మాత్రం చిన్న చిరునవ్వుతో, "కానీరా, తొందరేం లేదు," అనేవాడు. ఒక్క దెబ్బ కొట్టకుండా, ఒక్క తిట్టు తిట్టకుండా, ఇంటిల్లిపాదీ బాబాయిని విసుక్కునేట్టు చేశాడాయన.

అందుకే బాబాయి ఎక్కువగా చెరువు దగ్గరే ఉండేవాడు. ఇంటి వెనకాల, కొబ్బరి చెట్లు దాటాక ఉండేది చెరువు. అందులో బొచ్చె చేపలూ శీలావతులూ పెంచేవారు. గట్టు చుట్టూ నేరేడు చెట్లు. వాటి ఆకు దళసరి, చేత్తో నలిపితే పెళపెళలాడుతుంది. ఏడాది పొడవునా ఒకటీ అరా రాలుతూ ఉండేవి. నీళ్ళ అడుక్కి దిగి నెలల తరబడి అలాగే పడి ఉండేవి. బాబాయి మోకాలి లోతులో నిలబడి చేత్తో అడుగు దేవి ఒక ఆకు తీసి నా అరచేతిలో పెట్టేవాడు. కండంతా పోయి ఈనెలు మాత్రం మిగిలి, జల్లెడలా, వెలుతురుకి పట్టి చూస్తే అవతలున్న మనిషి కనిపించేట్టుండేది. దాని మీద ఆవగింజంత నత్తలూ, దారప్పోగుల్లాంటి పురుగులూ పాకుతుండేవి. "తి... తింటున్నాయి," అనేవాడు. నా దగ్గర ఆయన నత్తి సగానికి సగం తగ్గిపోయేది. ఆ పురుగుల కోసం చిన్న చేపలు గట్టు వారకి గుంపులుగా వచ్చేవి. నేరేడు పళ్ళు రాలే రోజుల్లో నీళ్ళ మీద టప్పున పండు పడిన ప్రతిసారీ అక్కడొక పెద్ద నోరు తెరుచుకునేది. ఇద్దరం గట్టు మీద కూర్చుని ఏ పండు ఏ చేపకి వెళుతుందో పందెం వేసుకునేవాళ్ళం.

చేపలు పట్టిన రోజు మాత్రం చెరువు తాతయ్యది. అమ్మకానికి కాదు, పంపిణీకి. ఎవరింటికి ఏ చేప వెళ్ళాలో ఆయన కుర్చీలో కూర్చుని చెప్పేవాడు. పెద్ద బొచ్చె వచ్చినవాళ్ళు ఆ ఏడాది తాతయ్య దృష్టిలో పెద్దమనుషులు. నిరుడు పెద్దది వచ్చి ఈసారి చిన్నది వచ్చిందంటే ఆ ఇంటి మగవాడు మర్నాడు అరుగు దగ్గరికి వచ్చి తను చేసిన తప్పేంటో తెలుసుకోవాలని చూసేవాడు. తాతయ్య చెప్పేవాడు కాదు. వాతావరణం గురించి మాట్లాడి పంపించేసేవాడు. ఆ మనిషి ఏడాదంతా నిద్ర లేకుండా ఉండడమే ఆయనకి కావాలి.

నేరేడు పళ్ళ కోసం ఊరి పిల్లలు గట్టెక్కుతున్నారని ఒక వేసవిలో ఆయన చెట్లన్నీ కొట్టించేశాడు. పిల్లల్ని ఒకటికి రెండుసార్లు తరిమాడు, వాళ్ళు మానలేదు. తిట్టడం ఆయనకి చేతకాదు కదా, చెట్లే లేకుండా చేశాడు. బాబాయి ఆ రోజంతా గొడ్డలి దెబ్బలు వినపడకుండా ఎక్కడికో వెళ్ళిపోయాడు. చెట్లు పోయాక గట్టు బోడిగా మిగిలింది. గేదెలు నేరుగా నీళ్ళల్లోకి దిగడం మొదలెట్టాయి. అప్పుడు తాతయ్య కాలవ గట్టు నుంచి లొట్టపీసు కాడలు బండి మీద తెప్పించి చెరువు చుట్టూ పాతించాడు. లొట్టపీసంటే కాలవల వెంబడి పిచ్చిగా పెరిగే మొక్క. లోపల బోలుగా ఉండే కాడ, గిల్లితే పాలు, ఊదారంగులో బూరల్లాంటి పూలు. మన దేశపు మొక్క కాదు, సముద్రాలవతల నుంచి ఎవరో తెచ్చారంటారు. దాన్ని గొడ్డు ముట్టదు. కాడ విరిచి బురదలో పారేసినా బతికేస్తుంది. ఒక్క వానాకాలం తిరిగేసరికి మనిషెత్తు కంచె లేచింది. రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి, "భలే కుదిరిందండి కంచె, పువ్వులు కూడానూ," అని మెచ్చుకునేవారు. ఆ మెప్పు ఆయనకి చుట్ట కంటే ఇష్టం.

కంచె గట్టు మీద ఆగలేదు. నీళ్ళ మీదికి ఒరిగింది, నీళ్ళల్లోకి దిగింది, దిగిన చోటల్లా వేళ్ళు వేసింది. దాని ఆకు పల్చగా, మెత్తగా ఉంటుంది. గుప్పెళ్ళు గుప్పెళ్ళుగా రాలేది. నేరేడాకులా అడుక్కి దిగి ఓపిగ్గా పడి ఉండేది కాదు. పడిన నాలుగు రోజులకే మెత్తబడి, వారం తిరిగేసరికి నల్లటి జిగురైపోయేది. గట్టు వారకి ఇదివరకులా చిన్న చేపలు రావడం మానేశాయి. అడుగు దేవితే నత్తలూ రావడం లేదు, బురద బుడగలు వచ్చేవి, కుళ్ళిన కోడిగుడ్ల కంపు కొట్టేది. బాబాయి ఒక రోజు కత్తి పట్టుకుని నీళ్ళల్లోకి ఒరిగిన కొమ్మలు నరకబోతే తాతయ్య చూశాడు. "నీకు పని లేకపోతే చెప్పు, గేదెలు కడుగుదువుగాని. నా కంచె జోలికి రాకు," అన్నాడు. అదే గొంతు, అదే చిరునవ్వు. బాబాయి చేతిలోంచి కత్తి తీసుకుని లోపల పెట్టేశాడు.

ఆ రోజుల్లోనే బాబాయికి సంబంధం కుదిరింది. ద్రాక్షారామం దగ్గర పల్లెటూరు, అమ్మాయి పేరు సత్యవతి. పెళ్ళిచూపులకి నన్నూ తీసుకెళ్ళారు. అమ్మాయి తరఫున ఎవరో "నీ పేరేంటి బాబూ?" అని అడిగారు. బాబాయి మొదలెట్టాడు. గదిలో అందరూ గోడలకేసీ కాళ్ళకేసీ చూడడం మొదలెట్టారు. సత్యవతి మాత్రం తలెత్తి, ఆయన పేరు మొత్తం బయటికొచ్చేదాకా తాపీగా ఆయన మొహంలోకి చూసింది, మామూలుగా మాట్లాడేవాళ్ళని చూసినట్టే. తిరిగొచ్చేటప్పుడు బస్సులో బాబాయి నాతో, "చూ... చూశావా, తొందరపెట్టలేదు," అన్నాడు. ఊరొచ్చేదాకా కిటికీలోంచి చూస్తూ తనలో తను నవ్వుకుంటూనే ఉన్నాడు.

వానలు పట్టుకున్నాయి. ఈదురుగాలికి కంచెలో సగం నీళ్ళల్లోకి పడిపోయింది. మిగతాది పెరిగిన నీళ్ళల్లో మునిగింది. వాన తగ్గాక కూడా మబ్బు విడవలేదు, ఎండ లేదు, గాలి లేదు. చెరువు నీళ్ళు డికాక్షన్ రంగుకి తిరిగాయి. ముహూర్తం సంగతి మాట్లాడడానికి సత్యవతి మేనమామ మా ఇంటికి వచ్చిన రోజు అది. అన్నాల దగ్గర కూర్చున్నాం. బాబాయి స్నానం కూడా చెయ్యకుండా తడి లుంగీతోనే వచ్చి, ఎవరూ అడగకుండా తనే మొదలెట్టాడు. నేనెప్పుడూ చూడలేదు అలాంటిది. "నా... నాన్నగారూ, చే... చే..." అన్నాడు. తాతయ్య ముద్ద కిందపెట్టి అతిథి వైపు తిరిగి, "మావాడు చేదంటున్నాడో, చేటంటున్నాడో, చూద్దాం ఉండండి," అన్నాడు. మేనమామ మర్యాదకి నవ్వాడు. పెదనాన్న పెద్దగానే నవ్వాడు. "చే... చే..." అంటున్నాడు బాబాయి, పెరటి వైపు చెయ్యి చూపిస్తూ. "చేమదుంపలా?" అన్నాడు తాతయ్య. అప్పటికి వంటింట్లోంచి కూడా నవ్వు వినపడింది. బాబాయి చెయ్యి దించేసి వచ్చి పీట మీద కూర్చున్నాడు. చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయని ఆయన చెప్పబోయింది. మేనమామ ఆ రాత్రికి మా ఇంట్లోనే ఉండిపోయాడు.

తెల్లవారేసరికి చెరువు తెల్లగా ఉంది. పొట్టలు పైకి పెట్టి, ఒకదాన్నొకటి ఆనుకుని, నీళ్ళు కనపడనంత చేపలు. గట్టు మీద కాకులు, కొంగలు, ఊరి జనం. ఎవరో మందు కలిపారని ఒకళ్ళు, దిష్టి తగిలిందని ఒకళ్ళు. తాతయ్య ఇస్త్రీ పంచె కట్టుకుని, చుట్ట వెలిగించుకుని వచ్చి, చెరువుని ఒకసారి చుట్టూ చూశాడు. కంచెని కూడా చూశాడు. నేను ఆయన పక్కనే ఉన్నాను. ఆ తరవాత జనంతో, "పరాయివాళ్ళని అనుకోవడం ఎందుకండి. మావాడికే అప్పగించాను. మేత ఎక్కువేశాడో, నిద్రపోయాడో, వాడికి నోరు లేదు కదా చెప్పడానికి," అన్నాడు. బాబాయి అప్పటికే నీళ్ళల్లో ఉన్నాడు. సాయం పట్టడానికి దిగబోయిన ఇద్దరు కూలీల్ని తాతయ్య చెయ్యి ఎత్తి ఆపాడు. "చంపినవాడే మొయ్యనివ్వండి." బాబాయి ఒక్కడే గంపతో తోడి, మోసి, కొబ్బరి తోటలో గొయ్యి తవ్వి పూడ్చాడు. మళ్ళీ దిగాడు, మళ్ళీ మోశాడు. జిగురూ పొలుసులూ ఒంటికి అంటుకుని ఎండుతున్నాయి. జనం కాసేపు చూసి, విసుగొచ్చి, వెళ్ళిపోయారు. సత్యవతి మేనమామ మాత్రం అరుగు మీంచి లేవలేదు. వెళతానంటే తాతయ్య వెళ్ళనివ్వలేదు. "భోంచేసి వెళుదురుగాని," అన్నాడు.

మధ్యాహ్నం మగవాళ్ళంతా పీటల మీద కూర్చున్నారు. ఆ రోజు బాబాయికి కంచం కాకుండా అరిటాకు వేశారు, కాస్త దూరంగా, గుమ్మానికి ఎదురుగా. తాతయ్య పొద్దున్నే గంపలోంచి ఒక బొచ్చెని పక్కన పెట్టించి మామ్మ చేత పులుసు పెట్టించాడట. ఆ వాసన ఇంటి నిండా ఉంది. చింతపండూ అల్లం వెల్లుల్లీ ఎంత వేసినా కింద నుంచి ఇంకో వాసన వస్తూనే ఉంది. మిగతా అందరికీ పప్పూ, వంకాయ కూరా. మామ్మ గరిటె పట్టుకుని బాబాయి ఆకు ముందు నిలబడిపోయింది. "వడ్డించు," అన్నాడు తాతయ్య. "పాడైపోయిందండి," అంది మామ్మ నెమ్మదిగా. "వాడు పాడుచేసిందే కదా. వాడే తింటాడు. వడ్డించు." మామ్మ వడ్డించింది. బాబాయి ఒకసారి తండ్రి వైపు చూసి, తలొంచుకుని తినడం మొదలెట్టాడు. ముళ్ళు తీసి వరసగా ఆకు అంచున పెట్టాడు. పెట్టిందంతా తిన్నాడు. వేళ్ళు కూడా నాకాడు. మేనమామ చెయ్యి అన్నంలోనే ఉండిపోయింది. తాతయ్య మజ్జిగ పోసుకుంటూ ఆయనతో, "మావాడికి అన్నీ ఇష్టమేనండి. పేచీ లేని మనిషి. మీ అమ్మాయి సుఖపడుతుంది," అన్నాడు.

ఆ రాత్రంతా బాబాయి పెరట్లో కక్కుతూనే ఉన్నాడు. సంబంధం వాళ్ళ దగ్గర నుంచి వారానికి కబురొచ్చింది, వద్దని. "చేపల్ని బతికించలేనివాడికి పిల్లనెవరిస్తారు," అన్నాడు తాతయ్య, అదేదో ముందే తెలిసిన సంగతిలా. తరవాత ఇంకో సంబంధం ఎవరూ చూడలేదు. బాబాయి మంచం మోటారు షెడ్డులోకి మారింది. అన్నాల దగ్గర ప్రశ్న మాత్రం మానలేదు. "ఏరా బుల్లబ్బాయ్, చెరువు సంగతులేంటి?" అని, చేపలు లేని చెరువు గురించి, ప్రతిరోజూ.

నేను రాజమండ్రిలో డిగ్రీ అయ్యాక ఎమ్మెస్సీలో చేరాను. ఆఖరి ఏడాది ప్రాజెక్టుకి మా మేడమ్ ఇచ్చిన అంశం, గట్ల మీద పెరిగే పరాయి మొక్కల ఆకు చెరువుల్లో ఎలా కుళ్ళుతుందో చూడమని. ఏ చెరువని అడిగితే ఆలోచించకుండా మా చెరువే చెప్పాను. దోమతెర గుడ్డతో చిన్న చిన్న సంచులు కుట్టి, కొన్నిట్లో పక్క ఊరి నుంచి తెచ్చిన నేరేడాకు, కొన్నిట్లో లొట్టపీసాకు ఎండబెట్టి తూచి వేసి, ఇటుకలు కట్టి అడుక్కి దించాం. దించింది బాబాయే. నేను సెలవులకీ, శనాదివారాలకీ వెళ్ళి ఒక్కో సంచీ తీయించేదాన్ని. లొట్టపీసు సంచులు కొద్ది వారాలకే ఖాళీ. విప్పితే నాలుగు ఈనె ముక్కలు, నల్లటి జారుడు. నేరేడు సంచుల్లో ఆకు ఆకులాగే ఉండేది. ఎక్కణ్ణించి వచ్చాయో, కాసిని నత్తలు కూడా చేరాయి. నీళ్ళు సీసాల్లో పట్టి మందు చుక్కలు వేసేదాన్ని. అడుక్కి గోధుమరంగు మడ్డి దిగితే నీళ్ళల్లో ప్రాణవాయువు ఉన్నట్టు, తెల్లగా దిగితే లేనట్టు. చెరువు మధ్యలో నీళ్ళకి గోధుమరంగు వచ్చింది. కంచె కింది నీళ్ళకి పాలవిరుగుడులా తెల్లగా వచ్చింది. ఆకంతా ఒక్కసారి కుళ్ళితే, కుళ్ళబెట్టే సూక్ష్మజీవులే ఉన్న గాలంతా పీల్చేస్తాయని బాబాయికి చెప్పాను. ఆయన ఆ సీసాని ఎండకెత్తి చాలాసేపు చూశాడు. "ఆ... ఆ రోజు ఇంతేనా?" అన్నాడు. "ఇంతే బాబాయ్. మేత కాదు, మందు కాదు. ఆ కంచె," అన్నాను.

ఆ మధ్యాహ్నం అన్నాల దగ్గర తాతయ్యతో ఈ సంగతంతా చెప్పాను. అప్పటికి బాగా పెద్దవాడయ్యాడు. ఆయన కంగారు పడతాడని, కనీసం కోప్పడతాడని అనుకున్నాను. ఆయన వింటూనే ఆవకాయ కలుపుకుంటున్నాడు. "ఇది కనిపెట్టడానికి నీకు రెండేళ్ళ చదువు కావలసొచ్చిందా? నాకు ఆ పొద్దున్నే తెలుసు," అన్నాడు. అందరి చేతులూ ఎక్కడివక్కడే ఆగిపోయాయి. "తెలిసి కూడానా తాతయ్యా?" అన్నాను. "మరేం చెయ్యమంటావు? నా కంచె నా చేపల్ని చంపుకుందని ఊరందరి ముందూ చెప్పుకోమంటావా? ఎవడో ఒకడు ఉండాలి కదా. వీడున్నాడు." ఆ తరవాత బాబాయి వైపు తిరిగాడు. "ఏంరా, ఏమన్నా అంటావా? చెప్పు, వింటాం." అందరం అలవాటు ప్రకారం బాబాయి నోటికేసి చూశాం. ఆయన నోరు తెరిచాడు. అందులో ముద్ద పెట్టుకున్నాడు. నమిలి, ఇంకో ముద్ద పెట్టుకున్నాడు. తండ్రి అడిగిన ప్రశ్న అలా గాల్లో ఉండిపోగా అన్నం పూర్తిచేసి, లేచి, చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయాడు.

సాయంత్రం బస్సెక్కించడానికి వచ్చినప్పుడు, "స... సత్యవతికి తెలుసా?" అని అడిగాడు. మరుసటి వారం ఆవిడ ఊరు వెళ్ళాను. అదే ఊళ్ళో మేనత్త కొడుకుని చేసుకుంది, ఇద్దరు ఆడపిల్లలు. వరండాలో కుట్టుమిషను ముందు కూర్చుని ఉంది. నేనెవరో చెబితే గుర్తుపట్టి మజ్జిగ ఇచ్చింది. మొత్తం చెప్పాను, చేపలు ఎందుకు చచ్చాయో. ఆవిడ జాకెట్టు ముక్క సూది కింద పెట్టి, కుట్టకుండా, విన్నది. "చేపలు చచ్చాయని కాదమ్మా మేం వద్దన్నది," అంది. "ఎవరి చెరువులో చావవు చేపలు? మా మావయ్య వచ్చి చెప్పాడు, వాళ్ళ నాన్న తినమంటే ఆ పాడైపోయింది మారు మాట్లాడకుండా తినేసి, వేళ్ళు కూడా నాకాడని. మా నాన్న అప్పటికీ, తండ్రంటే భయంలే, పరవాలేదన్నాడు. నేనే వద్దన్నాను. రేప్పొద్దున్న ఆ పెద్దాయన నా చేత తినిపిస్తే, ఈయన పక్కన కూర్చుని చూస్తాడు కదా." నేను మజ్జిగ గ్లాసు కింద పెట్టాను. "నత్తికి భయపడ్డానేమో అనుకుంటున్నారా? నత్తికి కాదు. అది నాకు అసలు లెక్కే లేదు," అంది. మిషను మళ్ళీ తొక్కడం మొదలుపెట్టింది.

తిరిగొచ్చాక బాబాయి, "చె... చెప్పావా?" అన్నాడు. చెప్పానన్నాను. ఆవిడ ఏమందని ఆయన అడగలేదు. మర్నాటి నుంచి కంచె నరకడం మొదలెట్టాడు. తాతయ్య అరుగు మీంచి పిలిచాడు, కబురు పంపాడు. బాబాయి ఆగలేదు. కానీ లొట్టపీసు నరికితే చచ్చే మొక్క కాదు. నరికిన ముక్క ఎక్కడ బురదలో పడితే అక్కడ చిగురేస్తుంది. ఏడాది తిరిగేసరికి ఇదివరకు లేని చోట కూడా లేచింది. ఆయన మళ్ళీ నరికాడు, వేళ్ళతో పీకాడు, కాల్చాడు. పాలు తగిలి చేతులు పుళ్ళు పడ్డాయి. ఆ మధ్యలోనే తాతయ్య తన మంచం మీద, తెల్లటి పంచెలో, నిద్రలో సుఖంగా పోయాడు. ఊరు ఊరంతా వచ్చింది. ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషని చెప్పుకుని ఏడ్చారు. అది నిజమే, ఆయన ఎవరినీ ఏమీ అనలేదు.

ఇప్పటివాళ్ళు అరుస్తారు, ఫోన్లు విసిరికొడతారు, మర్నాడు మర్చిపోతారు. మా వాసు తన కొడుకుని నలుగురిలో తిట్టడం విన్నాను, ఆ కుర్రాడు అంతకు రెండు మాటలు ఎక్కువే తిరిగి అన్నాడు. అన్నాలకి ఎవరి కంచం వాళ్ళు పట్టుకుని టీవీ ముందుకి పోతారు, ఒకళ్ళ కోసం ఒకళ్ళు ఆగరు. మంచి రోజులు పోయాయని మా పెద్దమ్మ బాధపడుతుంది. నాకు మాత్రం ఎవరి ముద్ద వాళ్ళు తింటుంటే ప్రాణం హాయిగా ఉంటుంది. చెరువు సంగతి అడిగితే, ఆ రోజుల కంటే ఇప్పుడే అధ్వానం. మా ఒక్క చెరువే కాదు, కాలవలన్నీ ఊదా పూలతో నిండిపోయాయి. కార్లు ఆపి ఫోటోలు తీసుకుంటున్నారు.

తాతయ్య పోయిన కొన్నేళ్ళకి ఏ పండగా లేని ఒక మామూలు రోజున వెళ్ళాను. బాబాయి గట్టు మీద కూర్చుని కత్తి నూరుకుంటున్నాడు. పక్కన కూర్చున్నాను. నూరుతూనే, "స... సత్యవతి ఏమంది అప్పుడు?" అని అడిగాడు. దాచడానికి నాకు మనసు రాలేదు. ఉన్నదున్నట్టు చెప్పాను, ఆయన మారు మాట్లాడకుండా ఆ పులుసు తిన్నందుకు తనే వద్దందని. ఆయన నూరడం ఆపి, నేను చెప్పింది అర్థంకానట్టు నాకేసి చూశాడు. ఒక్క తడబాటు లేకుండా అన్నాడు.

"ఆకలేసిందమ్మా. తెల్లారకముందు నుంచీ నీళ్ళల్లో ఉన్నాను. ఇంకేమీ పెట్టలేదు కదా."

అని, లుంగీ ఎగ్గట్టుకుని, కత్తి పట్టుకుని నీళ్ళల్లోకి దిగాడు.